తెల్లచీర పైన మొహం

సాల్ట్ లేక్‌లోని మా ఆఫీసులో పాత టేపులను డిస్కులకు ఎక్కించే పని నాది. నిన్న ఒక వీహెచ్‌ఎస్ క్యాసెట్ మూత ఎత్తగానే వానాకాలపు బూజు వాసన వచ్చింది. దేవదానం గారి గదిలో ఎప్పుడూ అదే వాసన. టికియాపారా రైల్వే క్వార్టర్ల పక్కన ఉండి, ఆయన, బెంగాలీల మధ్య ఉన్న అక్కడి తెలుగువాళ్ల చర్చి పెళ్లిళ్లు వీడియో తీసేవారు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తయ్యాక రెండేళ్లు ఆయన దగ్గర కాపీలు తీశాను.

చేరిన వారంలోనే గోడకు ఒక పట్టిక అంటించాను. వీహెచ్‌ఎస్‌లో బొమ్మ స్పష్టతను కొలిచే గీతలు సుమారు 240, బీటామ్యాక్స్‌లో కాస్త ఎక్కువ, ఎస్-వీహెచ్‌ఎస్‌లో 400; ఏ టేపులో రంగు పక్కకు ఎంత కారుతుంది, కాపీకి కాపీ తీస్తే ఎంత పోతుంది. ఆయన కళ్లజోడు సర్దుకొని మొత్తం చదివారు.

“బాగుంది బాబూ. ఇందులో నల్ల మొహానికి గడి ఏదీ?”

వేళాకోళం అనుకున్నాను.

ఆ తర్వాత గ్యాంగ్‌మన్ యోహాను గారి అమ్మాయి పెళ్లి జరిగింది. పక్షవాతంతో మంచం పట్టిన ఆయన చర్చికి రాలేకపోయారు. కూతురి పెళ్లి చూడాలంటే మా క్యాసెట్ ఒక్కటే దారి. ఎస్-వీహెచ్‌ఎస్‌లో తీసినదాన్ని వాళ్లింటి ప్లేయర్ కోసం వీహెచ్‌ఎస్‌కు కాపీ చేసింది నేను. పెళ్లికూతురి తెల్లచీర మరీ వెలిగిపోకుండా వీడియో మిక్సర్‌లో వెలుగు తగ్గించాను. అంచు మీది అల్లిక పోగు పోగుగా వచ్చింది.

నేనూ దేవదానం గారూ వాళ్లింటికి తీసుకెళ్లి వేస్తే, యోహాను గారు చాలాసేపు చూశారు. “సీర బాగుంది. పిల్లేదీ?”

“అదేటి, సీరలో ఉన్నది పిల్ల కాదా?” అంది ఆయన భార్య. అన్నదే గానీ, ఆవిడా లేచి తెర దగ్గరికి వెళ్లింది. నేనూ అప్పుడే చూశాను. చీర పైన మొహం ఉండాల్సిన చోట నల్లటి నీడ ఉంది.

దేవదానం గారు మంచం పక్కన నేల మీద కూర్చుని, రోగి తలగడ ఎత్తుకు తల వంచి టీవీ చూశారు.

“ఇక్కణ్ణుంచి నాకూ కనపడలేదు దాదా. సాయంత్రానికి ఇంకోటి తెస్తాం.”

రెండో కాపీ ఆయనే తీశారు. వెలుగు పెంచుకుంటూ పోయారు. అల్లిక మాయమైంది, చీర సున్నం కొట్టిన గోడలా అయింది, నీడల్లో చుక్కలు రేగాయి. నా పట్టిక ప్రకారం అది పాడైన కాపీ.

“చీర పోతోందండీ,” అన్నాను.

“పోనీ. ఆయన కొన్నదే గదా, చూసే ఉంటాడు.”

సాయంత్రం క్యాసెట్ తిరుగుతుంటే యోహాను గారు, “నవ్వుతుందేటి?” అని అడిగారు.

“ప్రమాణాలప్పుడూ నవ్వింది. పాస్టరు గారు కసురుకున్నారు,” అంది భార్య.

ఆయన కదిలే చేత్తో సైగ చేసి, మళ్లీ మొదటి నుంచి వెయ్యమన్నారు.

దేవదానం గారు ఇప్పుడు లేరు. ఏ టేపు చేతికొచ్చినా ముందు గీతలే చూస్తాను, ఆ అలవాటు పోలేదు. వెలుగు సరిచేసే ముందు మాత్రం, తెచ్చిన వారిని ఒక మాట అడుగుతాను: ఇందులో మీరు చూడాల్సింది ఎవరిని?