మూడు వైపులా పదును

యెఫీమ్ సవేలిచ్ పొయ్యిలు కట్టే మనిషి. చలికాలంలో ఇంటిల్లిపాదీ పైకెక్కి పడుకునే పెద్ద పెద్ద ఇటుక పొయ్యిలను వోలొగ్దా వైపు పల్లెల్లో ఇరవై ఏళ్ళు కట్టాడు. గోడ మీద అరచెయ్యి ఆనించి లోపల పొగ ఎక్కడ చిక్కుకుందో చెప్పేవాడు గానీ, మనుషులతో నాలుగు మాటలు కలపడం అతనికి చేతనయ్యేది కాదు. పంతొమ్మిది వందల నలభై ఒకటిలో, జర్మన్లతో యుద్ధం మొదలవగానే, సైన్యం పిలిచింది. అక్కడిచ్చిన సరంజామాలో అతని చేతికి నచ్చింది ఒక్కటే: నడుముకు వేలాడే పొట్టి పార. దాని అంచులను మూడు వైపులా ఆకురాయి వేసి రుద్దేవాడు.

"గడ్డం గీసుకుంటావా ఏంటి దాంతో?" అనేవాడు దెమీద్. వడ్రంగి, కాపలాలో అతని జోడీ.

"వేళ్ళు తెగాలిగా."

"ఎవరివి?" అని దెమీద్ నవ్వేవాడు. పక్కవాళ్ళు నవ్వేవారు కాదు. ఇరుకు కందకంలో శత్రువు మీద పడితే పొడుగు తుపాకీ తిప్పే చోటుండదని, అప్పుడు ఆ పారే దిక్కని అందరికీ తెలుసు. పైకి అనేవారు కాదు, అంతే.

నలభై మూడు మార్చిలో ఒక పొద్దున, తెల్లారి గంటైనా పొగమంచు విడలేదు. కందకాల వరసకు ముందున్న కాపలా గోతిలో వాళ్ళిద్దరే ఉన్నారు. యెఫీమ్ అడుగున చేరిన బురద ఎత్తిపోస్తున్నాడు. ఆరా తీయడానికి ఎవడో ఒకణ్ణి ఖైదీగా పట్టుకుపోదామని వచ్చిన ముగ్గురు జర్మన్లు చప్పుడు లేకుండా పైనుంచి దూకారు. ఒకడు అతని మీదే పడ్డాడు. యెఫీమ్ చేతిలో ఉన్నదానితోనే కొట్టాడు. మొదటి దెబ్బ ఇనపటోపీ మీద ఖంగుమంది. రెండోది మెడకూ భుజానికీ నడుమ దిగింది. తల తిప్పేసరికి దెమీద్ చేతులు రెండూ పైకి లేచి కనిపించాయి, వెనక నుంచి ఎవడో అతన్ని లాగుతున్నాడు. గాయపడ్డవాణ్ణి, దెమీద్‌ని, గోడకు ఆనించిన యెఫీమ్ తుపాకీని ఈడ్చుకుంటూ వాళ్ళు మంచులో కలిసిపోయారు.

నెత్తుటి పారతో ఒక్కడే వెనక్కి వచ్చిన యెఫీమ్‌ని విచారణ అధికారి రగోజిన్ ముందు నిలబెట్టారు.

"నువ్వు కొట్టానంటున్న జర్మన్ శవమేదీ?"

"తీసుకుపోయారు, కామ్రేడ్ లెఫ్టినెంట్."

"తుపాకీ?"

"అదీ తీసుకుపోయారు."

"అన్నీ వాళ్ళే తీసుకుపోయారు, నిన్నొక్కణ్ణి వదిలేశారు. ముందురోజు పొగాకు కోసం దెమీద్‌తో గొడవపడ్డావట. వేళ్ళు తెగాలి అంటూ పదును పెట్టావట. ఎవరి వేళ్ళు?"

"చెట్లవండీ."

పార అంచున నొక్కు ఉందని, అందులో అంటుకున్న బూడిదరంగు పెచ్చు జర్మన్ ఇనపటోపీదని అతను చూపించాడు. రగోజిన్ వెలుగులో పెట్టి చూసి, పారను బల్ల మీద పెట్టుకున్నాడు. యెఫీమ్‌ని మట్టికొట్టంలో కాపలా పెట్టి ఉంచారు. జావ తెచ్చే సిపాయి గిన్నె గుమ్మంలోనే పెట్టి రెండడుగులు వెనక్కి జరిగేవాడు.

మూడోరోజు మధ్యాహ్నం దెమీద్ వచ్చాడు. గుండ్లు పడ్డ గందరగోళంలో పారిపోయి వచ్చానన్నాడు. ఒక జర్మన్‌కు మెడ దగ్గర దెబ్బ తగలడం నిజమేనన్నాడు. యెఫీమ్ మీది అనుమానం అక్కడితో వీడింది. వీడి ఊరుకుందా, దెమీద్ మీదికి ఎక్కింది.

రగోజిన్ యెఫీమ్‌ని మళ్ళీ పిలిచాడు. ఈసారి కూర్చోమన్నాడు, సిగరెట్టు కూడా ఇచ్చాడు.

"నువ్వే చూశావుగా. పెనుగులాడాడా, చేతులెత్తాడా?"

యెఫీమ్ కళ్ళముందు ఆ రెండు చేతులు ఆడాయి. గొంతు నొక్కుతుంటే విడిపించుకోబోయిన చేతులా? లొంగిపోయిన చేతులా? మూడు రోజులూ చీకటికొట్టంలో అతను ఆలోచించింది అదే.

"పెనుగులాడాడు," అన్నాడు.

"సంతకం పెట్టు."

పెట్టాడు. సాయంత్రం ఇద్దరూ ఒకే గిన్నెలో తింటుండగా దెమీద్ చెంచా ఆపాడు.

"నా గురించి ఏం చెప్పావు?"

"అడిగింది చెప్పాను."

"నన్ను లాక్కుపోతుంటే నువ్వు వెంటపడలేదేం? పార ఉందిగా చేతిలో."

"మంచులో కనపడలేదు."

"ఊఁ," అన్నాడు దెమీద్. ఆ రాత్రి నుంచి ఇద్దరూ ఒకరికొకరు వీపు పెట్టి పడుకోలేదు, మొహాలు ఎదురెదురుగా పెట్టుకునే పడుకున్నారు. మునుపటి హాస్యాలు లేవు. అయినా జోడీ మార్చమని ఇద్దరిలో ఏ ఒక్కరూ అడగలేదు.

జూలైలో మోర్టారు గుండు పడి దెమీద్ చనిపోయాడు. యెఫీమే మట్టి తవ్వి పాతిపెట్టాడు.

యుద్ధం అయ్యాక ఊరు చేరి మళ్ళీ పొయ్యిలు కట్టుకున్నాడు. నలభై ఏడులో దెమీద్ చెల్లెలు జినాయిదా దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మా అన్నయ్య ఎలాంటివాడో మీకే తెలుసు, రాయండి అని అడిగింది.

మంచి వడ్రంగి అని మొదట రాశాడు. ధైర్యవంతుడు అన్న రెండో మాట రాయడానికి చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. భార్య రెండుసార్లు టీకి పిలిచింది. చివరికి రాశాడు. రాశాక కొట్టెయ్యలేదు, కవరు అంటించి తనే నడిచి వెళ్ళి తపాలాలో వేసి వచ్చాడు.