దగ్గు తీసేసిన సాక్ష్యం

మా సంఘంలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పడం ఆనవాయితీ. జ్వరం తగ్గినవాళ్లు, పరీక్ష గట్టెక్కినవాళ్లు లేచి రెండు మాటలు చెప్పి కూర్చుంటారు. గనిలో టైం కీపర్‌గా ఉన్న రోజుల నుంచీ వాటిని డైరీలో రాసుకోవడం నాకు అలవాటు. చాలావరకు చిన్న సంగతులే. గోదావరిఖనిలో మా ఎదురింట్లో ఉండే రిటైరైన కోల్ కట్టర్ చెప్పిన సాక్ష్యం మాత్రం చిన్నదిగా మిగలలేదు.

బొగ్గు ధూళి అతని ఊపిరితిత్తులను ఎప్పుడో తినేసింది. పాస్టర్ నూనె రాసి ప్రార్థించిన తర్వాతి ఆదివారం అతను మైకు పట్టుకొని, "ప్రభువు నన్ను ముట్టిండు. నా ఊపిరి నాకు తిరిగొచ్చింది" అన్నాడు. ఆ రెండు మాటల మధ్య ఎంతసేపు దగ్గాడో మందిరంలో ఉన్నవాళ్లందరం విన్నాం. సంఘం ఛానల్ చూసుకునేది అతని కూతురే. ప్రైవేటు బడిలో టీచరు. ఆ సాయంత్రం వీడియోలోంచి దగ్గులన్నీ తీసేసి, వెనక కీబోర్డు సంగీతం కలిపి పెట్టింది. వినేవాళ్లకు ఇబ్బంది కాకూడదనుకుంది, అంతే.

అప్పటిదాకా మా ఛానల్‌ను మా సంఘంవాళ్లే సరిగా చూసేవారు కాదు. ఈ వీడియో మాత్రం జిల్లాలు దాటింది. బెల్లంపల్లి నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో మనుషులు అతని చెయ్యి పట్టుకోవడానికి రావడం మొదలుపెట్టారు. అతనికి ఇంట్లో రోజంతా ఆక్సిజన్ మిషన్ ఉండాలి. గేటు దగ్గర బండి చప్పుడు కాగానే ముక్కులోని గొట్టం పీకేసి ముందుగదిలోకి వచ్చి కూర్చునేవాడు. భార్య మిషన్ మీద దుప్పటి కప్పేది.

కాసిపేట నుంచి ఒక ఆవిడ వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"లోపల గుర్రుమంటున్నదేంది కాకా?"

"ఫ్రిజ్జు బిడ్డా, పాతది," అంది అతని భార్య.

"మా ఆయనకు గూడ గిదే ఆయాసం. నీ వీడియో చూసినకాన్నుంచి గోలీలు బంద్ పెట్టిండు. పీల్చే మందు పెంటకుప్పల పారేసిండు. గంత నమ్మకం కుదిరింది కాకా!"

"మంచిది," అన్నాడతను. ఇంకో మాటకు ఊపిరి చాలలేదు. ఆవిడ దాన్ని వినయం అనుకొని కళ్లొత్తుకుంది. చాయ్ పట్టుకొచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది.

మర్నాడు ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది.

"పెద్దబాపూ, మందిరంల సాక్ష్యం చెప్తే సోమవారం నాడు గా మనిషి మనకు కూరగాయల కాడ కనబడ్తడు. దగ్గితే తెలుస్తది. ఫోన్‌ల చూసేటోళ్లకు సోమవారం లేదు. వాళ్లకు మా బాపు ఎప్పటికీ ఆదివారమే. ఫోన్ అబద్ధం ఆడలే, నేను ఆడించిన. ఆ వీడియో తీసేస్త."

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం కమిటీ ముందు అదే మాట చెప్పింది.

"దగ్గు తీసేసినవ్, అయితేంది?" అన్నాడు ట్రెజరర్. "పెండ్లి ఫోటోల మొటిమలు తియ్యరా?"

"మొటిమలు తీస్తే ఎవ్వలూ మందులు బంద్ పెట్టరు కాకా."

"పెండ్లి కావాల్సిన పిల్లవు, జర నోరు తగ్గించు," అంది స్త్రీల సమాజం పెద్ద. "అవ్వ, బాపులకు లేని తెలివి నీకే వచ్చిందా?"

వీడియో తీసేయడమే మంచిదని నేను అన్నాను. "పెద్దమనిషికి రాసుడే తెలుసు, నమ్ముడు తెల్వది," అని ట్రెజరర్ నవ్వాడు. మిగతావాళ్లూ నవ్వారు.

పాస్టర్ నవ్వలేదు. ఫోన్ తెరిచి వీడియో కింది కామెంట్లు ఆమెకు చూపిస్తూ మెత్తగా అన్నాడు. "ఎంతమంది ఆదరణ పొందుతుండ్రో చూడు తల్లీ. తీసేస్తే దేవుని మహిమను తీసేసినట్టె."

"ఫోన్ ఎందుకు అయ్యగారూ, మా బాపును చూడుండ్రి. గిక్కడనే కూసున్నడు."

అతను ముందు వరుసలోనే ఉన్నాడు, గొట్టం లేకుండా. పెదవులు నల్లబడ్డాయి. "నాకేమైంది? మంచిగనే ఉన్న," అన్నాడు. వెంటనే దగ్గు అందుకుంది. అది ఆగేదాకా అందరూ నేలకేసి చూశారు. ఆగగానే పాస్టర్ "ఆమెన్" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె వీడియో తీసేసింది. తండ్రికి జబ్బు తగ్గలేదని, ఎవరూ మందులు మానవద్దని ఛానల్‌లో నాలుగు ముక్కలు రాసింది. తెల్లారేసరికి ఆ రాతా లేదు, ఛానల్ ఆమె చేతిలోనూ లేదు. పాటల బృందం నుంచి కూడా తీసేశారు. కాసిపేట ఆవిడ ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టింది. మొగుడి విశ్వాసం పాడైపోయిందని, మళ్లీ గోలీలు మింగుతున్నాడని ఏడ్చింది. ఆ తిట్లన్నీ ఆ అమ్మాయి నాకు చెప్పింది. గోలీల మాట మాత్రం రెండుసార్లు చెప్పింది.

వానాకాలం వచ్చేసరికి అతను మంచం దిగలేకపోయాడు. కూతురు సాక్ష్యాన్ని చెరిపేసింది కాబట్టే స్వస్థత వెనక్కి పోయిందని సంఘంలో చెప్పుకున్నారు. చూడటానికి వచ్చినవాళ్లు అతని మొహం మీదే అన్నారు. అతను నమ్మాడు.

"వీడియో నీ కాడనే ఉన్నది గద. అయ్యగారికిచ్చి మళ్ల పెట్టియ్యి బిడ్డా. పెడితే లేస్త," అన్నాడు ఒకరోజు, నా ముందే.

"ఇయ్యను బాపూ."

"నేను సచ్చినా మంచిదేనా?"

ఆమె జారిన గొట్టం సర్దబోయింది. అతను ఆ చేతిని తోసేశాడు. "నువ్వు ముట్టకు. మీ అవ్వను పిలువు."

ఆ తర్వాత ఆమెను గదిలోకి రానివ్వలేదు. తల్లికి మిషన్ నడపడం తెలియదు. కూతురు గడప బయట నిలబడి చెప్పేది, తల్లి చేసేది.

"అది గాదు అవ్వా, పక్క బటన్. ఇగో, గిటు తిప్పు. ఇంకొంచెం."

నేను చూడటానికి వెళ్లిన రోజు అతను గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. ఆ మాటలు విని, "తలుపుకాడ ఎవలది?" అని అడిగాడు.

తల్లి కూతురి వంక చూసింది. "ఎవ్వలు లేరు. పండుకో," అంది.

కూతురు నోటితో చెప్పడం మానేసి, వేలితో చూపించసాగింది.