డ్రైవరుకు కొత్త ఒళ్ళు

పళ్ళ మేస్త్రి దగ్గర తలలకు ఎప్పుడూ కరువు లేదు, ఒళ్ళకే కరువు. తలలన్నీ కిటికీ పక్కన ట్రేలో, పాత తువ్వాలు మీద పడుకుని ఉంటాయి. హెల్మెట్ పెట్టుకున్నవాడు, గడ్డంవాడు, ఒక కంటి రంగు ఎగిరిపోయినవాడు. సైనికులు, పైలట్లు, సముద్రంలో దూకే వీరులు. అన్నీ ఎప్పటివో ఆటబొమ్మలు, నిలబెడితే జానెడు ఎత్తు. ఆ రోజుల్లో బొమ్మ కడుపులో రబ్బరు తాడు వేసి, దానికి కొక్కేలతో కాళ్ళూ చేతులూ తగిలించేవాళ్ళు. రబ్బరుకు ముసలితనం వచ్చాక ఏదో ఒక పూట పుటుక్కుమంటుంది. అంతటి వీరుడూ ముక్కలై కింద రాలతాడు. తల మాత్రం మెత్తటి సరుకు కాబట్టి మిగిలిపోతుంది. ఆ తలకు నప్పే ఇంకో ఒళ్ళు వెతికి మెడ కలిపి ఇవ్వడం మేస్త్రి బతుకుతెరువు.

పేరు మాత్రం పాత ఉద్యోగం నుంచి వచ్చింది. మీసాలు రాకముందే ఒక పళ్ళ డాక్టరు వెనక గదిలో చేరి, ముసలివాళ్ళకు కట్టుడు పళ్ళు చేసి, మీసాలు నెరిశాక బయటికొచ్చాడు. మిషన్లు వచ్చి మనుషుల్ని పొమ్మన్నాయి. చిన్న చిన్న ఆకురాళ్ళు, చిగుళ్ళ రంగులు, మైనం ముద్దలు సంచిలో వేసుకుని ఇంటికొచ్చాడు. బొమ్మల పని చేతికి దానంతట అదే దొరికింది. చిగురుకు రంగు కలిపినవాడికి చర్మానికి కలపడం ఎంతసేపు?

భార్య బొమ్మలకు చొక్కాలు కుడుతుంది. మాటలు కూడా కుడుతుంది.

"ఊళ్ళో వాళ్ళ నోళ్ళన్నీ బాగుచేశారు. మనింట్లో కుళాయి నోరు మాత్రం కట్టలేకపోయారు" అంటుంది, వంటగదిలో చుక్కలు పడుతున్నప్పుడల్లా.

ఒళ్ళు ఎంచడంలో మేస్త్రికి కొన్ని పట్టింపులు ఉన్నాయి. రంగు పగటి వెలుతురులోనే చూడాలి, ట్యూబులైటు కింద అందరూ రోగుల్లాగే ఉంటారు. భుజాలు తలకు తగ్గట్టు ఉండాలి, లేకపోతే కర్రకు కుండ బోర్లించినట్టుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం కీళ్ళు. బల్ల మీద ఒంటికాలి మీద నిలబెట్టి, బల్లను గుద్దుతాడు. పడిపోతే మళ్ళీ విప్పుతాడు. "నిలబడని ఒళ్ళు ఒళ్ళే కాదు" అనేది ఆయన మాట. పాత బొమ్మలు దాచుకునే పెద్దమనుషులు ఆ గట్టి కీళ్ళ కోసమే ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

లాండ్రీ ఆవిడ అలా వచ్చిన మనిషి కాదు. వీధి చివర లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఒక గురువారం మధ్యాహ్నం తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మెట్లెక్కింది. తమ్ముడికి యాభై దగ్గర పడుతున్నాయి, జుట్టు తెల్లబడింది, అయినా అందరికీ చిన్నోడే. బుద్ధి ఐదేళ్ళ దగ్గర కూర్చుండిపోయి ఇక లేవలేదు. ఎడమ చేత్తో అక్క చెయ్యి పట్టుకున్నాడు. కుడి పిడికిలి బిగించి ఉంది.

"డ్రైవరు పోయాడు అన్నయ్యగారూ" అంది ఆవిడ, బల్ల మీద చేతి రుమాలు విప్పుతూ.

రుమాల్లో చిరిగిన ఖాకీ చొక్కా, పగిలిన ఛాతీ, రెండు కాళ్ళు, ఒకటే చెయ్యి, తెగిన రబ్బరు. వాటి మీద ఎండిపోయిన జిగురు. ఆవిడే అతికించాలని చూసిందట.

"తల ఏదమ్మా?"

"వాడి పిడికిట్లో. రాత్రయితే బుగ్గలో పెట్టుకుంటున్నాడు. మింగేస్తాడేమోనని నాకు నిద్ర లేదు."

ఆ బొమ్మను చిన్నప్పుడు రేకు బస్సులో కూర్చోబెట్టేవాళ్ళట, అందుకని డ్రైవరు. బస్సు ఎప్పుడో తుప్పు పట్టి పోయింది. డ్రైవరు మాత్రం చిన్నోడి చేతిలోనే ఉండిపోయాడు. కుడిచేత్తో నడుం పట్టుకుని, ఎడమ చేతి వేలితో కాళ్ళు ఊపేవాడు. టక్, టక్. ఆ చప్పుడు వింటూ పూటలు గడిపేవాడు. "ఇప్పుడు ఎడమ చేతికి పని లేదు. అందుకే నన్ను పట్టుకున్నాడు. ఇస్త్రీ చేస్తున్నా వదలడు. చూడండి." ముంజేయి చూపించింది. పెట్టె తగిలి కాలిన మచ్చలు.

తర్వాత ఆవిడ గొంతు తగ్గించింది, తమ్ముడికి అర్థం కాదని తెలిసినా. తన కడుపులో గడ్డ. మంగళవారం ఆపరేషను. సోమవారం పొద్దున్నే వీణ్ణి ఇలాంటివాళ్ళను చూసుకునే హోములో దించాలి. ఒకసారి తీసుకెళ్ళి చూసింది. గేటు దగ్గర వాడు ఆవిడ చెయ్యి వదలలేదు. ఇద్దరు మనుషులు వేళ్ళు ఒక్కొక్కటీ విడదీయబోతే అరిచిన అరుపుకు ఆవిడే వెనక్కి తీసుకొచ్చేసింది.

"డ్రైవరు ఉంటే వెళ్తాడు. నాకు తెలుసు. మంచి ఒళ్ళు పెట్టండి అన్నయ్యా. గట్టిది. నేను..." ఆగింది. "నేను లేకపోయినా ఉండేది."

మేస్త్రి చిన్నోడి పిడికిలి వైపు చూశాడు. తలను చూడకుండా మెడ కొలత తెలియదు. గిన్నెలో వేడినీళ్ళు పోసి, పళ్ళ కాలం నాటి ఎర్ర మైనం ముద్ద అందులో వేశాడు. మెత్తబడ్డాక బయటికి తీసి, చిన్నోడి ముందు అటూ ఇటూ నొక్కాడు. వెచ్చగా, మెరుస్తూ ఉంది. చిన్నోడు చాలాసేపు చూశాడు. ఎడమ చెయ్యి వదలడు, కుడిచెయ్యి ఖాళీ లేదు. చివరికి పిడికిలి విప్పి, తలను బల్ల మీద పెట్టి, మైనం తీసుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు.

మేస్త్రి చకచకా తలను తిప్పి చూశాడు. మెడ లోపలి బెజ్జం కొలిచాడు, కిటికీ దగ్గర రంగు చూసుకున్నాడు. ముక్కు అరిగి నున్నగా అయింది. కనుబొమలు లేవు. చిన్నోడు మైనం చల్లారి గట్టిపడగానే దాన్ని బల్ల మీద పడేసి, తన తల తను తీసుకున్నాడు.

"శనివారం లాండ్రీకి తెస్తాను" అన్నాడు మేస్త్రి.

రెండు రోజులూ ఆయన వేరే పని ముట్టుకోలేదు. తన కోసమని దాచుకున్న ఒక ఒళ్ళు ఉంది, పెట్టెలోంచి తియ్యనిది. మోకాలు, మోచెయ్యి, మణికట్టు, అన్నీ మడిచినచోట ఆగేవి. దాని మెడ బుడిపెను ఉప్పుకాగితంతో రుద్ది, డ్రైవరు తలకు సరిపడే కొలతకు తెచ్చాడు. రంగు కలిపి ఆరబెట్టి, పొద్దుటి వెలుతురులో చూసి, మళ్ళీ కలిపాడు. భార్య పాత ఖాకీ చొక్కా చూసి అలాంటిదే కొత్తది కుట్టింది.

"దాచుకున్నది ఇచ్చేస్తున్నారా?"

"ఆవిడ గట్టిది అడిగింది."

"నేను గట్టి కుళాయి అడిగి ఎన్నేళ్ళయింది?" అంది కానీ, గుండీలు మాత్రం రెండుసార్లు కుట్టింది.

శనివారం లాండ్రీలో ఆవిరి, తడిబట్టల వాసన. చిన్నోడు అక్క పక్కనే స్టూలు మీద. మేస్త్రి బతిమాలి తల తీసుకుని, వేడినీళ్ళలో ముంచి మెత్తబరిచి, కొత్త మెడ మీద నొక్కాడు. టప్పున కూర్చుంది. కౌంటరు మీద ఒంటికాలి మీద నిలబెట్టి, కౌంటరును గుద్దాడు. డ్రైవరు కదల్లేదు. తను చేసినవాటిలో ఇంత బాగా కుదిరింది ఇంకోటి లేదని మేస్త్రికి తెలుసు.

"ఎంత బాగున్నాడో" అంది లాండ్రీ ఆవిడ.

చిన్నోడు బొమ్మను అందుకున్నాడు. బొటనవేలు ఛాతీ మీద పెట్టాడు. జారింది. మళ్ళీ పెట్టాడు. అక్క చెయ్యి ఒక్క క్షణం వదిలి కాలిని ఊపాడు. కాలు పైకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఇంకోసారి కొట్టాడు. కాలు వెనక్కి వెళ్ళి అక్కడా ఆగిపోయింది. చప్పుడు లేదు. మేస్త్రి ముఖం వైపు చూశాడు, ఎవరినో తెమ్మంటే ఎవరినో తెచ్చావేమిటన్నట్టు. తల పీకి బుగ్గలో పెట్టుకున్నాడు. మొండెం కౌంటరు మీద పెట్టాడు. అది తల లేకుండానే చక్కగా నిలబడింది. ఎడమ చెయ్యి అక్క ముంజేతిని పట్టుకుంది.

ఆవిడ వేలు పెట్టి బుగ్గలోంచి తల తీసింది. కోప్పడలేదు.

"మీరు చేయాల్సింది చేశారు" అంది. ఆ మాట తిట్టు కన్నా గట్టిగా తగిలింది మేస్త్రికి. మొండెం జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు.

మర్నాడు ఆదివారం. ఆయన కిటికీ దగ్గర ఊరికే కూర్చున్నాడు. భార్య దారానికి రాయడానికి మైనం కోసం బల్ల మీద వెతుకుతోంది. ఎర్ర ముద్ద ఒకటి చేతికి తగిలింది. రాయబోయి ఆగింది.

"దీంట్లో ఎవరిదో చెయ్యి ఉందండీ."

ఆయన తల తిప్పాడు. ఆవిడ ముద్దను వెలుతురుకు పట్టింది. నాలుగు వేళ్ళ లోతులు ఒక పక్క, ఇంకో పక్క బొటనవేలి గుంట. చిన్నోడు మైనాన్ని మైనంలా పట్టుకోలేదు. డ్రైవరును పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి అలాగే పట్టుకున్న ఆ చేతికి వేరే పట్టు రాదు.

మేస్త్రికి చెవులు వేడెక్కాయి. బతుకంతా జనం కొరికిన మైనం చూసే పళ్ళు చేశాడు. అచ్చు లేకుండా ఒక్క పన్ను చెయ్యలేదు. ఇక్కడ అచ్చు తీసి, దాన్ని తాయిలంలా వాడి, బల్ల మీద పారేసి, తలకు రంగు కలుపుతూ కూర్చున్నాడు. ఒకప్పుడు ఒక ముసలమ్మ, అద్దంలో ముత్యాల్లా ఉన్న కొత్త పళ్ళు తిరిగిచ్చేసి, "బాగున్నాయి నాయనా, కానీ నా నోట్లో ఇంకెవరో ఉన్నట్టుంది" అన్నది. అప్పుడు నవ్వుకున్నాడు.

"టక్ టక్ అన్నది కూడా చెప్పింది" అన్నాడు, తనలో తను. "విన్నాను. తమ్ముడి రోగం చెబుతోందనుకున్నాను."

ఒళ్ళ డబ్బా బోర్లించాడు. మంచివన్నీ సన్నగా ఉన్నాయి, మైనం గుంటలో ఊగుతున్నాయి. అడుగున ఒక నాసిరకం ఒళ్ళు ఉంది, ఛాతీ బోలు, పిప్పళ్ళ బస్తాలా లావు, రంగు మరీ పాలిపోయి. ఎవరూ అడగనిది. అచ్చులో పెడితే వేళ్ళన్నీ కుదిరాయి, బొటనవేలి దగ్గర మాత్రం ఎత్తుగా ఉంది. పగిలిన పాత ఛాతీ ముక్క తీసి చూశాడు. సరిగ్గా అక్కడే అరిగి గుంటపడి ఉంది. ఉప్పుకాగితం తీసుకుని, ఆ గుంట వచ్చేదాకా రుద్దాడు. రంగు జోలికి పోలేదు.

"ఎలాస్టిక్ ఉందా?" అని అడిగాడు.

"కొత్త ఉండ ఉంది."

"కొత్తది వద్దు. వాడింది, సాగింది కావాలి."

"మీ పాత పైజామాలోది ఉంది. మీలాగే వదులైపోయింది."

"అదే ఇవ్వు."

ఆవిడ తాడు పట్టుకుంటే ఆయన కొక్కెంతో లాగి కాళ్ళు తగిలించాడు. నిలబెట్టాడు. ఒళ్ళు మోకాళ్ళ మీద కూలిపోయింది. ఇంకొంచెం వదులు చేశాడు. వేలితో ఊపితే కాలు వెళ్ళి, తిరిగొచ్చి, బోలు ఒంటికి తగిలింది.

టక్.

వంటగదిలో కుళాయి చుక్క కూడా అప్పుడే పడింది. 

సోమవారం పొద్దున హోము గేటు దగ్గర లాండ్రీ ఆవిడ బట్టల సంచితో నిలబడి ఉంది. ఒక చేతిలో సంచి, రెండో చెయ్యి తమ్ముడిది. లోపలి నుంచి వార్డెనమ్మ వచ్చి, నీలం గౌను సర్దుకుంటూ, దూరంగానే ఆగింది. మేస్త్రి తను తెచ్చిన ఒళ్ళు ముందు లాండ్రీ ఆవిడకు చూపించాడు.

"ఇది మొన్నటిదంత మంచిది కాదమ్మా. నిలబడదు. తలకీ ఒంటికీ రంగు కుదరలేదు."

"ఎన్నాళ్ళుంటుంది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాడు. "ఎక్కువ కాలం ఉండదు. ఇది వదులుగా ఉంటేనే పనికొస్తుంది, వదులు రబ్బరు త్వరగా తెగుతుంది. తెగినప్పుడు నేనొచ్చి మారుస్తాను."

"మీరు కూడా లేకపోతే?"

"మా ఆవిడకి కొక్కెం పట్టడం వచ్చు. ఆవిడ మనిద్దరికన్నా గట్టిది."

లాండ్రీ ఆవిడ నవ్వబోయింది. కుదరలేదు. తమ్ముడి బుగ్గలోంచి తల తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది. మేస్త్రి ఫ్లాస్కులో తెచ్చిన వేడినీళ్ళలో ముంచి, మెడ మీద నొక్కాడు. ఖాకీ చొక్కా లావు ఛాతీకి చాలలేదు, గుండీలు పెట్టకుండా వదిలేశాడు.

చిన్నోడు అందుకున్నాడు. బొటనవేలు వెళ్ళి గుంటలో కూర్చుంది. వేళ్ళు వాటంతట అవే చుట్టుకున్నాయి. ఊరికే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. డ్రైవరు తల పక్కకు వాల్చి, కాళ్ళు వేలాడేసి, ఎప్పుడూ ఉన్నట్టే అలిసిపోయి ఉన్నాడు.

చిన్నోడి ఎడమ చెయ్యి కదిలింది. అక్క వేళ్ళలోంచి ఒక్కో వేలూ తనే విడదీసుకుని వచ్చింది. కాలిని ఊపాడు. టక్. బొమ్మను చెవి దగ్గర పెట్టుకున్నాడు. టక్, టక్.

"డ్రైవరు" అన్నాడు, ఎవరికో పరిచయం చేస్తున్నట్టు. వార్డెనమ్మ దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకోకుండా పక్కనే నడిచింది. "ఎక్కడికి పోతుంది నాన్నా మీ బస్సు?" అని అడిగింది.  చిన్నోడు ఆ టక్ టక్ వింటూ నడుస్తున్నాడు.

లాండ్రీ ఆవిడ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది, ఇంకా ఎవరో పట్టుకుని ఉన్నట్టు. గేటు లోపల ఆ చప్పుడు కాసేపు వినిపించి, మలుపు దగ్గర ఆగింది.

"వెనక్కి కూడా చూడలేదు అన్నయ్యా."

"చూడలేదమ్మా."

ఆవిడ చెయ్యి దించుకుంది. ముంజేతి మీద కొత్త మచ్చను రుద్దుకుంటూ, సంచి ఇంకా తన దగ్గరే ఉందని అప్పుడు గమనించింది. మేస్త్రి దాన్ని తీసుకుని గేటు తోసుకుని లోపలికి నడిచాడు. రబ్బరు మార్చాల్సి వచ్చినప్పుడు దారి తెలిసి ఉండాలి కదా.