ఆ టీవీ కూత నాకొక్కదానికే

మొన్న మా చిన్నమ్మాయి చదువుకుంటున్నదల్లా పుస్తకం మూసి లేచి వచ్చి, గోడకు పెట్టి ఉన్న సెల్‌ఫోన్ ఛార్జరును ఊడబెరికింది. అది కీమని ఒకటే కూస్తోంది, తల పగిలిపోతోంది, నీకు వినబడటం లేదా అని నన్నడిగింది. దాన్ని మళ్ళీ పెట్టించి, దానికి చెవి ఆనించి విన్నాను. నాకేమీ వినబడలేదు. నలభై దాటాక నా చెవులు కూడా అందరి చెవుల్లాగే అయిపోయాయి. కానీ ఆ పిల్ల మాటను నేను ఒక్క క్షణం కూడా అనుమానించలేదు, ఎందుకంటే ఒకప్పుడు అచ్చం ఇదే మాట అన్నందుకు ఒక ఇల్లంతా కలిసి నన్ను పిచ్చిదాని కింద జమకట్టింది. దానికి నేను తీర్చుకున్న కసి సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ విప్పి చెప్పలేదు. వెనకాల పెద్ద పొట్ట ఉండే ఆ పాత టీవీలు మీరూ చూసినవాళ్లే కనుక, మీతో చెబితే అర్థమవుతుంది.

మా పుట్టిల్లు పినపాక దాటి వెళ్లాక అడవి అంచున ఉన్న చిన్న ఊరు. మిరప చేను, వేసవిలో తునికాకు, మిగతా రోజుల్లో కూలి పని. నాన్న నా చిన్నప్పుడే పోతే అమ్మే మమ్మల్ని సాకింది. ఇంట్లో కరెంటు ఉందన్న మాటే గాని ఒక్క బల్బు తప్ప దానితో నడిచేది ఏదీ లేదు. సాయంత్రం పూట చూరు లోంచి బయలుదేరే గబ్బిలాల సన్నని కీచులు నాకు వినబడేవి, అమ్మకు వినబడేవి కావు. చిన్నపిల్లల చెవులు అంతేనని ఆమె నవ్వేది. అంతకు మించి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లు అయి ఉంటుంది, పెళ్లై మణుగూరు వచ్చాను. మామగారు బొగ్గు గనిలో పనిచేసేవారు కనుక కాలనీలో రెండు గదుల క్వార్టరు ఉండేది. ముందు గదిలో టీవీ, దాని వెనక గోడకు ఇవతల మా మంచం. ఆ టీవీ మీద అల్లిక గుడ్డ ఒకటి, దాని మీద ప్లాస్టిక్ పూలు. టీవీ పెట్టగానే, బొమ్మ రాకముందే ఒక సన్నని కూత మొదలయ్యేది. సూది మొనలా చెవిలోంచి దూరి నుదుటి దాకా పోయేది. సౌండు పూర్తిగా తగ్గించినా ఆ కూత మాత్రం తగ్గేది కాదు. కూరగాయలు తెస్తూ సందు మొదట్లోకి రాగానే మా ఇంట్లో టీవీ నడుస్తోందో లేదో నాకు తెలిసిపోయేది.

అత్తగారికి మధ్యాహ్నం అన్నం తిన్నది మొదలు దీపాలు పెట్టే వేళ దాకా సీరియళ్లు. నేను ఆమె పక్కన పది నిమిషాలు కూర్చోలేక పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని. తనతో కూర్చోవడం నాకు చిన్నతనంగా ఉందని ఆమె అనుకుంది. తలనొప్పి అంటే పని తప్పించుకునే వేషం అంది. కూత సంగతి చెబితే ఇంటిల్లిపాదీ టీవీ చుట్టూ చేరి చెవులు పెట్టి విని, ఏమీ లేదని తేల్చారు. దవాఖానాకు తీసుకుపోతే అక్కడి డాక్టరు చెవుల్లో లైటు వేసి చూసి చెవులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. నా భర్త మంచివాడే, కానీ తల్లి ముందు నోరు విప్పే అలవాటు లేనివాడు. నేను బాధ చెప్పుకుంటే రేపు చూద్దామని అటు తిరిగి పడుకునేవాడు.

ఆ వేసవిలో మా ఆడబిడ్డ ఖమ్మం నుంచి కూతురిని తీసుకుని వచ్చింది. అక్కడే ఖానాపురం హవేలి అనే పేటలో కాపురం, డిగ్రీ చదివింది, ఆ ఇంట్లో ఆమె మాటంటే మాటే. వేషమో నిజమో తేల్చేద్దామని నన్ను వంటింట్లో గోడ వైపు తిప్పి నిలబెట్టి, సౌండు లేకుండా టీవీని పెడుతూ తీస్తూ, ఇప్పుడు నడుస్తోందా లేదా అని అడిగింది. పదిసార్లు అడిగింది, పదిసార్లూ సరిగ్గా చెప్పాను. చెప్పి, నా మాట నెగ్గిందని సంతోషంగా వెనక్కి తిరిగాను. ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"మనిషికి వినవడేది కాదమ్మా గది. పిల్లను ఎక్కడన్నా చూపియ్యుండ్రి," అంది తల్లితో.

అబద్ధమాడినా పోయేది. నిజమని రుజువు చేసుకున్నందుకు నాకు ఏదో పట్టిందన్నారు. వారం తిరగకుండా నన్ను మా ఊరికి పంపించి, చెవిలో గాలి దూరిన పిల్లను అంటగట్టారని అమ్మకు కబురు చెప్పించారు. మా ఊళ్లో పెద్దలు ఆకు పసరు పిండారు, దారం కట్టారు. నెల గడిచాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని మణుగూరు బస్సెక్కింది. ఆ రోజు జరిగింది నాకు ఇప్పటికీ కళ్ల ముందున్నట్టే ఉంటుంది. అత్తగారు కుర్చీలో కూర్చుంది. అమ్మను గడప పక్కన బండల మీద కూర్చోబెట్టారు. ఎండలో పడి వచ్చిన మనిషికి చెంబెడు నీళ్లు ఇచ్చినవాళ్లు లేరు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు తలుపు దగ్గర నిలబడి చూస్తుండగా అమ్మ చేతులు జోడించి, "ఇగ మా పిల్ల ఆ మాట ఎత్తదు వదినె, ఎత్తితే నన్ను అడుగుండ్రి," అంది. ఆ జోడించిన చేతులకు మిరపకాయ కోసిన మంట ఇంకా ఎర్రగానే ఉంది. దీనికి బదులు తీర్చకపోతే నేను నా తల్లికి పుట్టనట్టే అనుకున్నాను.

తీర్చుకోవడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా చెవుల్లో దూది పెట్టుకుని, నోరు మెదపకుండా, అత్తగారికి టీవీ ముందుకే కాఫీ అందించాను. పిల్ల దారికొచ్చిందని ఆమె కాలనీ అంతా చెప్పుకుంది. మళ్ళీ వేసవి వచ్చింది. కరెంటు పెరుగుతూ తగ్గుతూ ఉండేది. ఒక మధ్యాహ్నం ఆ కూత మారినట్టు అనిపించింది. అంతకు ముందు తీగలా నిటారుగా ఉండేది, ఇప్పుడు వణుకుతోంది, మధ్యలో పోపులో ఆవాలు చిటపటలాడినట్టు చిరచిరమంటోంది. లోపల ఏదో కాలుతోందని నాకు తెలిసింది. ఇంకెవరికీ తెలియలేదు. చెప్పాలా అని నన్ను నేను అడగను కూడా లేదు. వాళ్లు చెప్పొద్దన్నారు, నేను చెప్పను, అంతే.

పన్నెండు రోజులు విన్నాను. రోజురోజుకూ చిరచిర ఎక్కువవుతుంటే నాకు లోలోపల పండుగలా ఉండేది. నా బట్టల పెట్టెను ఆ గోడ దగ్గర నుంచి వంటింట్లోకి మార్చుకున్నాను. సెలవులకు వచ్చిన ఆడబిడ్డ కూతురు టీవీకి దగ్గరగా కూర్చుంటే బెల్లం ముక్క ఆశ చూపి పెరట్లోకి తీసుకుపోయేదాన్ని. అంటే ప్రమాదమని నాకు బాగా తెలుసు. అత్తగారిని మాత్రం పిలవలేదు.

పదమూడో రోజు సాయంత్రం నేను పెరట్లో గిన్నెలు తోముతుండగా ఉన్నట్టుండి ఆ కూత ఆగిపోయింది. వెంటనే లోపల ఢామ్మని చప్పుడు, అత్తగారి కేక. పరుగెత్తి వెళ్లేసరికి టీవీ వెనక నుంచి మంట లేచి అల్లిక గుడ్డకు అంటుకుంది, అది తన కూతురు అల్లిందని ఆమె ఒట్టి చేత్తో లాగుతోంది. నేను మెయిన్ స్విచ్ దించి, తడి గోనెసంచి తెచ్చి మంట మీద వేశాను. ఇల్లు దక్కింది. నైలాను దారం కరిగి అత్తగారి కుడి అరచేతికి అతుక్కుపోయింది. కాలనీ వాళ్లంతా కోడలి వల్ల ఇల్లు నిలిచిందని మెచ్చుకున్నారు. నేను తలవంచుకుని విన్నాను.

రెండో రోజు ఆమెకు అన్నం కలిపి తినిపిస్తుంటే, ముద్ద మింగకుండా ఆపి నా ముఖంలోకి చూసింది.

"నీకు ముందుగాల వినవడలేదా పిల్లా?"

ఏడాదిగా నేను ఎదురుచూసింది ఆ ఒక్క ప్రశ్న కోసమే. "వినవడ్డది అత్తమ్మా. పన్నెండు రోజుల సంది వినవడుతనే ఉన్నది. ఆ మాట ఎత్తొద్దని మా అమ్మతోని అనిపించుకుంటిరి గదా," అన్నాను.

ఆమె నోట్లోని ముద్ద మింగి, కాలిన చెయ్యి ఒళ్లోకి లాక్కుంది. నాకు అప్పుడు కలిగిన హాయి మీకు చెప్పినా నమ్మరు. అంతటితో ఆగలేదు నేను. ఆ చెయ్యి మానేదాకా నేను లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదని తెలిసి, సంచి సర్దుకుని, నాకు వినబడేది నిజమేనని మీరు మా ఊరు వచ్చి మా అమ్మకు చెబితేనే తిరిగి వస్తానని బస్సెక్కాను.

నాలుగో రోజు మా తమ్ముడు రోడ్డు మీద నుంచి వచ్చి వాళ్లు బస్సు దిగారని చెప్పాడు. అమ్మ చేనులో ఉంది. వసారాలో ఉన్న మంచాన్ని నేను లోపలికి లాగేశాను, అత్తగారు నేల మీదనే కూర్చోవాలని. నలుగురు ఆడవాళ్లను పిలిచి నిలబెట్టాను. కట్టు కట్టిన చేత్తో ఆమె వచ్చి, చుట్టూ చూసి, నేల మీద కూర్చుంది. నా భర్త బయటే నిలబడ్డాడు. నేను నీళ్లు ఇవ్వలేదు.

అమ్మ వచ్చీ రావడంతోనే నన్ను ఒక్క చూపు చూసి, లోపలికి వెళ్లి మంచం తానే ఎత్తుకొచ్చి వేసింది, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అత్తగారు నీళ్లు తాగి, "నీ బిడ్డకు వినవడేది నిజమే వదినె. నేనే నమ్మలే. మొన్న గూడ పన్నెండు రోజుల ముందే వినవడ్డదంట, నా భయానికి చెప్పలే. తప్పు నాదే," అంది.

భయానికి కాదని ఆమెకూ తెలుసు. అయినా అట్లాగే చెప్పింది. అమ్మ మాత్రం నా వైపు తిరిగింది.

"పన్నెండు రోజులు విని ఊకున్నవా?"

"నిన్ను బండల మీద కూసోబెట్టిండ్రు గదనే," అన్నాను.

"కూసుంటే నా చెయ్యి కాలిందా?" అంది అమ్మ.

అంతే. పిలిచిన ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అమ్మ అన్నం వండి, మెత్తగా కలిపి, అత్తగారికి తన చేత్తో తినిపించింది. ఎవరి కోసం ఇంత చేశానో ఆ మనిషే నా పక్కన నిలబడకపోతే నాకు ఎంత ఉక్రోషం వచ్చిందో, సాయంత్రం బస్సులో మణుగూరు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత ఆ ఇంట్లో నా మాటకు ఎదురు లేదు. కొత్త టీవీ కొనేటప్పుడు అత్తగారు నన్ను షాపుకు తీసుకుపోయి, అన్నిటికీ చెవి పెట్టి వినమంది. అన్నీ కూస్తున్నాయని చెప్పాను, అది నిజమే కూడా. ఏమీ కొనకుండా తిరిగి వచ్చాం. ఏడాదిన్నర ఆమె టీవీ లేకుండా వసారాలో కూర్చుని రోడ్డు మీద పోయే బస్సులను చూసింది. కూతలేని ఆ మధ్యాహ్నాలు నేను కడుపునిండా నిద్రపోయాను. తప్పు చేశానని ఇప్పటికీ గట్టిగా అనలేను. అడిగితే మళ్ళీ అదే చేస్తానేమో కూడా. ఆమె చిటికెన వేలు మాత్రం చివరిదాకా నిటారు కాలేదు.

ఇప్పుడు టీవీలు పలకల్లా పలచబడి గోడలకు ఎక్కాయి. కాలనీలో సందు మొదట్లో నిలబడితే ఏ ఇంట్లో ఏం నడుస్తోందో ఎవరికీ తెలియదు. క్వార్టర్లలో మనుషులు మారిపోయారు, ఒకరి గడప దగ్గర ఒకరు నిలబడి చూసే తీరికా లేదు. మంచికో చెడ్డకో అప్పట్లో ఒకరి సంగతి అందరికీ వినబడేది.

ఆ రోజు తర్వాత నేను పుట్టింటికి ఎప్పుడు వెళ్లినా, కాళ్లు కడుక్కోకముందే, మీ అత్త చెయ్యి ఎట్లున్నదని అడిగేది అమ్మ. నా సంగతి ఆ తర్వాతే. పదిహేనేళ్లకు పైగా అదే వరస, నాకు ఒళ్లు మండేది. అత్తగారు పోయిన నెలకు వెళ్లాను. అమ్మ వసారాలోంచి లేచి వచ్చి, నా చేతిలో సంచి అందుకుని, "నువ్వెట్లున్నవ్ బిడ్డా," అంది. అన్నేళ్లు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నదాన్ని, కాళ్లైనా కడుక్కోకుండా గడప మీద అట్లాగే నిలబడిపోయాను.