కమల ఏ సైగా చేయలేదు

ప్రసాదూ, నిన్న మన గ్రూపులో నువ్వు "పాపం కమల మంచిదే, ఆ టాబ్లెట్ పనిలో పిల్లలకి జవాబులు అందించి పేరు చెడగొట్టుకుంది గానీ" అని రాశావు.

తప్పు. కమల ఎవరికీ ఏమీ అందించలేదు.

ఆ మాట పుట్టించింది నేను. నీకు చెప్పిందీ ఈ అత్తే, అది కూడా నీ ఇంట్లో భోజనం చేస్తూ.

నిన్న పొద్దున మనవరాలు ఫోను చూసి, "అమ్మమ్మా, కమల ఆంటీ పోయారట, గుండెపోటు" అంది. నేను "ఏ కమల?" అన్నాను.

ఏ కమలో నాకు తెలుసు. వేరే కమల అయితే బాగుండునని అలా అడిగాను. వేరే కమలకీ ఇల్లూ వాకిలీ ఉంటాయని ఆ క్షణంలో తోచలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. కమలది హుకుంపేట వైపు కొండ ఊరు. మా మిషన్ బడిలో ఆయా. నేను అక్కడే హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. అయినా నేను వెళ్లకపోతే గోడలు పడిపోతాయన్నట్టు రోజూ వెళ్లేదాన్ని.

రెండేళ్ల కిందట లావణ్య అనే రీసెర్చ్ అమ్మాయి టాబ్లెట్లు పట్టుకుని బడికి వచ్చింది. టాబ్లెట్ ఒక మాట పలుకుతుంది, పిల్లలు దానికి సరిపోయే బొమ్మను తాకాలి. కొన్నాళ్లకు, తాకేముందు వాళ్ల కళ్లు ఎక్కడెక్కడికి పోతున్నాయో కూడా తెలియాలని, టాబ్లెట్ కింది అంచుకు స్కేలంత నల్ల పట్టీ ఒకటి బిగించింది. ఐ ట్రాకర్ అంటారు.

ఆ పట్టీకి ముందు పిల్లల చూపు అలవాటు కావాలి. అందుకు తెరమీద ఒక చుక్క అటూ ఇటూ తిరుగుతుంది, పిల్లలు దాన్నే చూడాలి. మన పిల్లలు చుక్కను తప్ప అన్నీ చూశారు.

క్రమశిక్షణ లేదని నేను తేల్చేశాను.

కమల నేల తుడుస్తూ అంది. "సుక్కనేటి సూత్తారమ్మా? దానికి కాళ్లున్నాయా, రెక్కలున్నాయా? ఓ కోడిపిల్లనెట్టి సూడండి."

పెట్టారు. చూశారు.

కాళ్లు నేలకి ఆనితే తల కదలదని, కుర్చీలు తీసి పీటలు వేయించిందీ కమలే. కిటికీ ఎండకి పట్టీ తికమకపడుతుంటే ఇంటినుంచి దుప్పట్లు తెచ్చి కట్టిందీ కమలే. ఆ తర్వాత లావణ్య ఆమెకి పిల్లల వెనక కూర్చునే పని ఇచ్చింది, వెన్ను మీద చెయ్యి వేసి ధైర్యం చెప్పడానికి.

నాకు నచ్చలేదు. ముప్పై ఏళ్ల సర్వీసు నాది, పని ఆయాకి. నేనూ వెళ్లి టాబ్లెట్ వెనక, పిల్లలకి ఎదురుగా నిలబడ్డాను. ఎవరూ అడగలేదు.

వారం తర్వాత లావణ్య డేటా చూసి, జవాబు తాకేముందు పిల్లల చూపు తెర వదిలి పోతోందని చెప్పింది. ఎవరి సైగ కోసమో చూస్తున్నారని నేను అన్నాను. ఎవరిదో కూడా నేనే నిర్ణయించాను.

అందరి ముందూ అడిగాను. "కమలా, పిల్లలకి సైగలు చేస్తున్నావా?"

"నేను ఎనకాలున్నాను కదమ్మా. ఎనకాలున్నదాన్ని ఆళ్లెలా సూత్తారు?"

నేను సైన్సు టీచర్ని. ఆ ప్రశ్నకి "ఎదురు చెప్పకు" అని జవాబిచ్చాను.

మర్నాటి నుంచి ఆమె బడికి రాలేదు. నేను కబురు చేయలేదు. పెద్ద టీచరు అన్న మాట కాబట్టి వాళ్ల ఊళ్లో కూడా నమ్మారు.

తర్వాత నేను శుక్లాలు తీయించుకోడానికి విశాఖ వెళ్లాను. తిరిగి వచ్చాక లావణ్య ల్యాప్‌టాప్ నావైపు తిప్పింది. చూపు పడిన చోటల్లా ఎర్ర చుక్కలు. నేను లేని వారంలో అన్నీ తెర లోపలే ఉన్నాయి. నేనున్న రోజుల్లో పై అంచు దాటి ఒకేచోట గుంపుగా ఉన్నాయి.

"మీరు నిలబడే చోటు, మేడమ్" అంది మెల్లగా.

పిల్లలు నా మొహం చూస్తున్నారు. వేలు తప్పు బొమ్మ వైపు పోతే నా కనుబొమ్మ లేస్తుందని, ముందే చూసుకుని తాకుతున్నారు. ముప్పై ఏళ్లు నేను నేర్పిన చదువు అదన్నమాట.

"కమల గారిని పిలుద్దామా?" అని లావణ్య అడిగింది.

"నేను చెప్తాలే" అన్నాను.

చెప్పలేదు.

శుక్రవారం సంతలో కమల రాజ్‌మా అమ్ముతూ కనపడేది. "ఏటమ్మా, కళ్లు బాగున్నాయా?" అని తనే పలకరించేది. అడిగినదానికంటే గుప్పెడు ఎక్కువే పోసేది. నేను గింజల్లో రాళ్లున్నాయని సణిగేదాన్ని.

రాళ్లు లేవు. అసలు మాట తప్ప ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

కమలా, నువ్వు ఏ తప్పూ చేయలేదు. నీ చెవిన పడే రోజుల్లో ఈ మాట అనడానికి నాకు దమ్ము లేకపోయింది. ఇప్పుడు నువ్వున్న చోట నీ మాట మొదటిసారికే నమ్ముతారు. అక్కడ చల్లగా, నిశ్చింతగా ఉండు తల్లీ.

ప్రసాదూ, ఓదార్పు కామెంట్లు వద్దు. రేపు జెరాక్స్ షాపు తెరవగానే దీన్ని పెద్ద అక్షరాలతో రెండు కాపీలు తీయించు. ఒకటి బడి నోటీసు బోర్డుకి. రెండోది కమల వాళ్ల అమ్మ దగ్గరికి మనమే తీసుకెళ్దాం. ఆవిడకి తెలుగు అంతగా రాదు, ఆవిడ భాష తెలిసినవాళ్లని ఎవరినైనా బండిలో ఎక్కించుకో. చదివేది మాత్రం నేనే. ఎనిమిదికల్లా గుమ్మంలో ఉంటాను, బేగి రా.