వేబర్ సంతకం పక్కన నా సంతకం

కరోనా వచ్చిన మరుసటి ఏడు నేను జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో ఒక జపాన్ బ్యాంకు శాఖలో క్రెడిట్ మేనేజర్‌ని. ఎవరికి అప్పు ఇవ్వొచ్చో, ఎవరికి కూడదో తేల్చి పైవాళ్లకు సిఫారసు చేయడం నా పని. ఆ ఏడు ఎర్లాంగెన్ దగ్గరి ఒక పంపుల ఫ్యాక్టరీ వ్యవహారం నా దగ్గరికొచ్చింది. ఫ్యాక్టరీ ఒసాకాలోని ఒక కంపెనీది. నడిపేది మాత్రం వేబర్ అనే జర్మన్. ఇరవయ్యేళ్లుగా అక్కడ ఆయన మాటే చెల్లుబాటు.

జపాన్‌లో పెద్ద కంపెనీల గ్రూపుకు సాధారణంగా ఒక ప్రధాన బ్యాంకు ఉంటుంది. అప్పు కావాలన్నా, కష్టం వచ్చినా ముందు దానికే చెప్పాలి. ఒసాకా వాళ్లకు ఆ బ్యాంకు మేమే. వేబర్ ఏం చేశాడంటే, కాస్త తక్కువ వడ్డీ వస్తోందని మాకు మాటమాత్రం చెప్పకుండా అప్పును ఊళ్లోని జర్మన్ బ్యాంకుకు మార్చుకున్నాడు. జర్మనీలో అది తెలివైన పని. మా శాఖలో మాత్రం ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకొచ్చినట్టు చూశారు.

ఆర్డర్లు పడిపోగానే ఆ బ్యాంకు, అమ్మకాలు తగ్గితే అప్పు వెంటనే కట్టాలన్న ఒప్పందంలోని షరతు చూపించి డబ్బు వెనక్కి అడిగింది. వేబర్ మళ్లీ మా గడప తొక్కాడు.

నేను ఫ్యాక్టరీ చూడటానికి వెళ్లినప్పుడు అక్కడి ఇంజినీరు, కరీంనగర్ వాడైన శ్రీనివాస్, నా తెలుగు పేరు విని దగ్గరికొచ్చాడు.

"మేడం, నిజం చెప్పుండ్రి. ఫ్యాక్టరీ ఉంటదా, పోతదా? మా పాపకు కిటాల, అదే ఈడి పిల్లల బడిల, ఇప్పుడే ప్లేస్ దొరికింది. ఉద్యోగం పోతే ఈడ ఉండనిచ్చే బ్లూ కార్డు ఏమైతదో!"

"ఇంకా తేలలేదు నాయనా" అన్నాను. తిరుగు రైల్లో ఫైలు తెరిచి ఆ లెక్కలన్నీ మళ్లీ మొదటినుంచి చూశాను.

అయినా నియమం నియమమే. ఒసాకాలోని మాతృసంస్థ రాతపూర్వకంగా హామీ ఇస్తేనే అప్పు ఇవ్వాలని రాశాను. మా శాఖాధిపతి మొరియామా అది పక్కన పెట్టి, ఒసాకాతో అప్పటికే మాట్లాడానన్నారు. "మా ఫ్యాక్టరీని కాస్త చూసుకోండి" అన్నారట వాళ్లు. అది రాయించుకుందామన్నాను. రాయించుకుంటే వాళ్ల మాట మనం నమ్మనట్టవుతుందని ఆయన జవాబు. ఓరి దేవుడా, ఇంత డబ్బు నోటిమాట మీదా!

అప్పు ఇచ్చారు. అదే గ్రూపులోని మరో కంపెనీ పంపులకు ఆర్డరు కూడా పెట్టింది. షరతు ఒక్కటే: బ్యాంకు మనిషి ఒకరు ఫ్యాక్టరీలో ఫైనాన్స్ అధికారిగా కూర్చోవాలి, వేబర్ సంతకం పక్కన ఆ సంతకం లేనిదే ఒక్క యూరో కదలకూడదు. కష్టంలో పడ్డ కంపెనీకి సొంత మనిషిని పంపడం జపాన్ బ్యాంకుల పాత పద్ధతి. పంపింది నన్నే. రిటైరవడానికి ముందు హాయిగా కూర్చుందామనుకున్న మనిషిని, పెట్టె సర్దుకుని ఎటు చూసినా సైకిళ్లే కనిపించే ఎర్లాంగెన్‌లో అద్దె ఫ్లాట్ వెతుక్కున్నాను.

ఎవరి ఉద్యోగమూ పోలేదు. శ్రీనివాస్ స్వీట్ల డబ్బా పట్టుకొచ్చాడు. ఆర్డర్లు మెల్లగా తిరిగొచ్చాయి. కానీ కొత్త యంత్రం కొందామని వేబర్ అంటే ఆగమన్నాను, జీతాలు పెంచుదామంటే ఆగమన్నాను. ఏడాది తిరిగేసరికి ఆయన రాజీనామా ఇచ్చాడు.

"మీరు ఫ్యాక్టరీని కాపాడారు, కాదనను. పెన్ను కొనాలన్నా మిమ్మల్నే అడగాలంటే ఇక్కడ నేనెందుకు, ఫ్రావ్ వేమూరి?" అన్నాడు.

నాకు బాధేసింది.

జర్మన్ బ్యాంకు కాగితంలో ఉన్నంతే చేసింది. మా బ్యాంకు కాగితంలో లేనిది కూడా చేసింది. కాగితంలో లేని సాయానికి కూడా వడ్డీ ఉంటుందని నేను నేర్చుకున్నది అక్కడే. దాన్ని వేబర్ తన ఉద్యోగంతో కట్టాడు.