పట్టుకారుతో చూపించాను

పద్నాలుగేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదని మీరు అడగవచ్చు. నాకు అక్షరాలు వచ్చేవి కావు. ఎవరిచేతనైనా రాయిద్దామంటే ముందు వాళ్లకి చెప్పాలి. చెప్పగలిగితే రాయించుకోవడం దేనికి?

కిందటేడు కంచరపాలెంలో ఒక అమ్మాయి మాలాంటి ఆడవాళ్లని కూర్చోబెట్టి మధ్యాహ్నాలు చదువు చెప్పింది. యాభై ఏడేళ్లకి పలక పట్టాను. మిగతా వాళ్లు ముందు తమ పేరు రాయడం నేర్చుకున్నారు. నేను ఖాసిం అని రాయడం నేర్చుకున్నాను. "ఎవరు మామ్మా ఈయన?" అని ఆ అమ్మాయి అడిగింది. సోడాలు అమ్మే ఆయన అన్నాను. మీకు మాత్రం అంతా చెబుతాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. ఇది కూడా పిరికితనమేనేమో.

ఔటర్ హార్బర్ కడుతున్న రోజులవి. మా ఆయన పోర్టులో బస్తాలు మోసే కలాసీ. బస్తాల దొంతర మీద పడి నడుం విరిగి మంచం పట్టాడు. నేను పోర్టు రోడ్డు పక్కన ఒక పాక వేసి, పంది పక్కటెముకలు బొగ్గుల మీద కాల్చి అమ్మడం మొదలుపెట్టాను. మొదట్లో ఉప్పూ కారం రాసి కాల్చేదాన్ని. ముక్క తోలులా సాగేది. "పిన్నీ, నీ ముక్క తింటే పన్ను ఊడిపోతాది" అని కలాసీలు నవ్వేవారు.

ఒకరోజు ఏదో ఓడలో వంటవాడు, పరాయి దేశం మనిషి, నల్ల కూల్‌డ్రింకు సీసా పట్టుకుని వచ్చాడు. ముక్క కొరికి మొహం చిట్లించాడు. చేతిలో సీసాని తిన్నగా నా పచ్చిమాంసం గంగాళంలో వంచేశాడు. పట్టుకారుతో కొట్టబోయాను. రేపటిదాకా ఉంచి చూడమని చేతులతో సైగ చేశాడు. మర్నాడు కాలిస్తే మాంసం ఎముకని వదిలి వచ్చింది.

ఆ నల్ల సీసా కొనే తాహతు నాకు లేదు. ఖాసిం అమ్మే కలర్ సోడాతో చేసి చూశాను. చక్కెర మాడ్చి రంగు వేసేవాడు, గోధుమరంగులో ఉండేది, గేసు ముక్కుపుటాలు అదరగొట్టేది. ఎముకల వెనకుండే పల్చటి పొరని గుడ్డతో పట్టి లాగేసి, అల్లం వెల్లుల్లి, కారం, చింతపండు పులుసు పట్టించి, మునిగేలా సోడా పోసి పొద్దున్నుంచి నానబెట్టేదాన్ని. నానిన నీళ్లని పొయ్యి మీద మరగబెడితే పాకంలా చిక్కబడేది. ముక్కలు కాలుతుంటే ఆ పాకం పూస్తూ తిప్పాలి. నల్లగా, జిగురుగా మెరిసేవి. ఓడ దిగినవాళ్లు కూడా వెతుక్కుంటూ వచ్చేవారు.

ఖాసింది మా ఊళ్లోనే పాతబస్తీ. ఎడంచేత్తో బుడ్డి పట్టి, కుడిచేత్తో గేసు మిషను చక్రం తిప్పేవాడు. తన సోడా నేను దేంట్లో పోస్తానో అతనికి తెలుసు. నా పాకలోకి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. పాక ముందు మురుగుకాలవ మీద ఒక బల్లరాయి ఉండేది. పెట్టె దాని మీద దించి, ఖాళీ బుడ్లు అక్కడే తీసుకుని వెళ్లేవాడు. "కాలవ దాకా సోడా నాది, చెల్లెమ్మా. దాటితే దాంతో నాకు సంబంధం లేదు" అని నవ్వేవాడు. ఆ రోడ్డు మీద నన్ను చెల్లెమ్మా అన్న మనిషి అతనొక్కడే.

పైడమ్మ నా తోడికోడలు, మా మరిది భార్య. అక్కా అనడానికి నన్ను అప్పా అనేది. నాలుగేళ్లు నా దగ్గర గిన్నెలు తోమింది. సోడా సంగతి ఆమెకి తెలియనివ్వలేదు. ఆమె రాకముందే గంగాళం నింపి మూత పెట్టేదాన్ని. ఒకరోజు ఆమె పని మానేసింది. పది రోజులకి రోడ్డుకి అవతల, నాకు సరిగ్గా ఎదురుగా, తాటాకు పందిరి వేసి బొగ్గులు రాజేసింది. అదే వాసన, అదే నలుపు, అదే మెరుపు.

చెప్పింది ఖాసిమే అనుకున్నాను. అతను ఆమెకీ సోడా పెట్టెలు వేస్తున్నాడు. బల్లరాయి దగ్గర నిలబెట్టి అడిగాను. "నేను చెప్పలేదు చెల్లెమ్మా" అన్నాడు. నమ్మలేదు. నమ్మాలనిపించలేదు. నా గిరాకీ సగం రోడ్డు దాటి వెళ్లింది. పొద్దున పొర లాగుతున్నప్పుడల్లా పైడమ్మ చర్మం లాగుతున్నట్టు అనుకునేదాన్ని. తప్పు కదా అని ఒక్కసారైనా అనుకున్నానా? లేదు. ఆ ఊహ నాకు బాగుండేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం నా దగ్గర ముగ్గురున్నారు, ఆమె దగ్గర పదిహేనుమంది. రెండు పాకల మధ్య రోడ్డు మీద ఆకులు పట్టుకుని నిలబడి తింటున్నారు. అదే రోజు పైడమ్మ, సోడాలో గేసు లేదని ఖాసిం మీద అందరి ముందూ అరిచి, ఒక పెట్టె తిప్పి పంపింది. అతను ఆ పెట్టె పట్టుకుని నా బల్లరాయి దగ్గరికి వచ్చాడు. ఇక పట్టలేకపోయాను. పాకలోంచే అరిచాను.

"దొంగముండా! నా కూడు తిని నా పనే దొంగిలిత్తావా? ఆ సాయిబు నీకెంతకి సెప్పినాడే?"

పైడమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఆయనేటి సెప్తాడు, అప్పా! నాలుగేళ్లు నీ గంగాళం తోమింది నానే కదా. నాకు నాలిక నేదేటి?"

రోడ్డంతా నవ్వింది.

"తోమేదాన్ని రుసి సూడకుండా తోమమన్నావా?" అంది మళ్లీ. "నీ పాకం అడుగంటుతాది అప్పా, సూసుకో. నాది అంటదు."

"ఇదిగో పిన్నీ, కొత్తమ్మ దగ్గర నువ్వే గిన్నెలు తోము, నేర్సుకుంటావ్!" అన్నాడొక కలాసీ.

పైడమ్మ వాళ్ల వైపు తిరిగి, నేను వంగి పాకం పూసే తీరు నడుం వంచి చేసి చూపించింది. మనుషులు కడుపులు పట్టుకున్నారు. అందరి వీపులూ నా వైపు ఉన్నాయి.

ఇక్కడ ఆగి ఆగి రాస్తున్నాను. మూడు రోజులుగా ఇక్కడికి వచ్చి పలక, కాగితం అన్నీ పక్కన పెట్టేస్తున్నాను.

మా వైపు కొట్లాటలు చూసినవాళ్లకి తెలుసు, సోడాబుడ్డి ఊరికే విసిరితే దొర్లిపోతుంది. ఊపి విసిరితే లోపల గేసు పొంగి, తగిలిన చోట బాంబులా పేలుతుంది. కోపంలో చెయ్యి జారిందని నాకు నేను ఎన్నో ఏళ్లు చెప్పుకున్నాను. చెయ్యి జారినవాళ్లు ఊపుతారా? నేను పాకలో ఉన్న నిండు బుడ్డి తీసుకున్నాను. రెండుసార్లు ఊపాను. విసిరాను.

అది మనుషుల తలల మీదుగా వెళ్లింది. అప్పుడే పైడమ్మ నవ్వుతూ మొహం ఎత్తింది. కంటి కింద ఎముకకి తగిలి పేలింది. ఆమె చేత్తో మొహం మూసుకుంది. వేళ్ల సందుల్లోంచి నెత్తురూ సోడా కలిసి నురగలుగా కారాయి. తర్వాత అరిచింది. కసాయి దొడ్లో కూడా అలాంటి అరుపు నేను వినలేదు.

"ఎవుడ్రా? ఎవుడు ఇసిరినాడ్రా?"

అందరూ ఇటు తిరిగారు. నేను పొయ్యి ముందు పట్టుకారుతో ఉన్నాను. ఖాసిం బల్లరాయి మీద సోడా పెట్టెతో ఉన్నాడు. వాళ్లు నన్ను అడిగారు. నోటితో ఏమీ అనలేదు నేను. పట్టుకారు ఎత్తి అతని వైపు చూపించాను.

అంతే.

బల్లరాయి నుంచి నా పాక తిన్నగా కనిపిస్తుంది. అతను చూశాడు. నేను బుడ్డి ఊపడం కూడా చూసే ఉంటాడు. వాళ్లు అతన్ని జుట్టు పట్టి కాలవలోకి లాగారు. బస్తాలు లాగే ఇనపకొక్కేలు నడుముకి ఉన్నవాళ్లు, కొక్కెం వెనక్కి తిప్పి పిడితో కొట్టారు. పళ్లు రాలిన చప్పుడు విన్నాను. ఒకడు సోడాపెట్టె ఎత్తి అతని కుడిచేతి మీద వేశాడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ వేశాడు. నెత్తురు నోటితోనే ఖాసిం అరుస్తున్నాడు.

"చెల్లెమ్మనడగండి! నేను కాదు! ఆ చెల్లెమ్మనడగండి, చెబుతుంది!"

ఆమే విసిరింది అనలేదు. ఎందుకు అనలేదు? పద్నాలుగేళ్లుగా అడుగుతున్నాను. అంటే వాళ్లు నన్ను చంపుతారని ఆగాడా, లేక అన్నా ఎవరూ నమ్మరని తెలిసి, నిజం నా నోటితో వస్తేనే బతుకుతానని అనుకున్నాడా? నేను చెబుతానని నిజంగా నమ్మాడా? నమ్మి ఉంటే అది అన్నిటికంటే ఘోరం.

వాళ్లు నన్ను మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో కూడా చెబుతాను, ఇంకోసారి అతన్నే చూపించేదాన్ని. అప్పుడు నేను చేసిన పని ఇది. పొయ్యి మీద ఇనప జాలీలో ముక్కలు మాడుతున్నాయి. దెబ్బలు పడుతుంటే నేను వంగి ముక్కలు తిరగేశాను. ఒక్కొక్కటీ. పాకం కూడా పూశాను.

పోలీసులు వచ్చి ఖాసింనే తీసుకువెళ్లారు. గేసు లేదని పైడమ్మ తిట్టింది కాబట్టి కోపంతో విసిరాడన్నారు. అందరికీ సరిపోయింది. నన్ను అడిగితే చూడలేదన్నాను. అతనికి జైలు పడింది. బయటికొచ్చాక కుడిచేతి వేళ్లు ముడుచుకోలేదట. చక్రం తిప్పలేని మనిషికి సోడా మిషను దేనికి? అమ్మేసి భార్యని తీసుకుని ఊరు వదిలాడు. ఎక్కడికి వెళ్లాడో ఎవరూ చెప్పలేదు. నేను గట్టిగా అడగలేదు.

పైడమ్మకి ఒక కన్ను పోయింది. ఆమెని నేనే పిలిచి నా పాకలో పెట్టుకున్నాను. రోడ్డంతా నన్ను మెచ్చుకుంది. పన్నెండేళ్లు ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర పనిచేశాం. పొగ తగిలితే ఆ గుంటలోంచి నీరు కారేది, నేనే కొంగుతో తుడిచేదాన్ని. "నువ్వు నేకపోతే నానేటైపోదును అప్పా" అనేది. జ్వరంతో పోయేరోజు కూడా నా చెయ్యి పట్టుకునే పోయింది. విసిరింది ఆ చెయ్యే అని ఆమెకి చెప్పలేకపోయాను. చెప్పడానికి పన్నెండేళ్లున్నాయి.

ఇదిగో, రాశాను. నేనే ఊపాను, నేనే విసిరాను, నేనే చూపించాను. ఈ మూడూ కాగితం మీద నా చేతిరాతలో ఉన్నాయి. చదివి చూసుకుంటే ఛాతీలో ఏదో కాస్త సడలింది. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సిన ఇద్దరిలో ఒకామె లేదు, ఒకాయన జాడ లేదు. మీరు క్షమించినా నేను తీసుకోను.

ఇంకొకటి మిగిలింది. విసరడం ఒక్క క్షణం, చూపించడం ఒక్క క్షణం. భయం అనుకోవచ్చు. మర్నాడు పొద్దున చేసినదానికి ఆ పేరు కూడా పెట్టుకోలేను.

సోడా అయిపోయింది. అందుకని ఖాసిం దుకాణానికి వెళ్లాను. ముందురోజు అతన్ని కొట్టినవాళ్లు అక్కడికీ వచ్చి వెళ్లారు. గుమ్మం నిండా గాజుపెంకులు. ఖాసిం భార్య వాటిని ఊడుస్తోంది. పాదం తెగి నెత్తురు కారుతున్నా చూసుకోలేదు. నన్ను చూడగానే చీపురు పడేసి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వే వచ్చావా అమ్మా! నేనే నీ దగ్గరికి రాబోతున్నా. లాకప్‌లో చూసొచ్చాను. చెల్లెమ్మ చెబుతుంది, చెల్లెమ్మ చెబుతుంది అంటున్నాడు. వేరే మాట లేదు. నువ్వు స్టేషనుకొచ్చి ఒక్క మాట చెప్పు."

"మాపటేళకి ఒత్తాను" అన్నాను.

ఆమె ఏడుస్తూ లోపలికి వెళ్లి, పగలకుండా మిగిలిన ఒకే ఒక్క పెట్టె తెచ్చి నాకిచ్చింది. డబ్బులు వద్దంది. పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చేశాను. దారిలో మాంసం కొట్టు దగ్గర ఆగాను. రోజూ తీసుకునేదానికి రెండింతలు తీసుకున్నాను. పైడమ్మ పొయ్యి వెలగదు కాబట్టి ఆమె గిరాకీ కూడా నాకే వస్తుందని లెక్క వేసుకున్నాను. పాకలో కూర్చుని పొరలు లాగాను. కారం పట్టించాను. ఆ సోడాలన్నీ కొట్టి, గంగాళం అంచుదాకా పోసి, మూత పెట్టాను.